గదిలో తోట – మూడో పాఠం: ముందు మురుగు, తర్వాత డ్రిప్పు

పోయిన పాఠంలో కోకోపీట్ ఇటుకను నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి ఎనిమిది కుండీలు నింపాం. మొదటి పాఠంలో బిగించిన దీపాల కింద ఆ కుండీలు ఇప్పుడు నాలుగేసి చొప్పున రెండు వరసల్లో నిలబడి ఉండాలి. ఒక్కొక్కటి పది లీటర్లది. ఐదింటిలో క్యాప్సికం, మూడింటిలో చెర్రీ టమాటా. ఇన్నాళ్లూ చెంబుతో నీళ్లు పోస్తూ వచ్చారు. ఈ వారం ఆ పనిని పంపుకు అప్పగిద్దాం.

డ్రిప్పు పాఠమంటే పంపుతో మొదలవుతుందని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. నేను బకెట్టుతో మొదలుపెడుతున్నాను. మొదటిసారి బిగించుకున్నప్పుడు నేను నీళ్ల తొట్టిని అటక మీద పెట్టాను. నేల మీద చోటు కలిసివస్తుందన్న ఆశ. రాత్రి పంపు ఆగింది, నీళ్లు మాత్రం ఆగలేదు. తొట్టిలో నీటి మట్టం పైపు చివర కన్నా ఎత్తులో ఉండి, పైపు నిండా నీరుంటే, పంపుతో పని లేకుండానే ఆ నీరు దిగుతూ ఉంటుంది. బడిలో చదువుకున్న సైఫనే ఇది. తెల్లారేసరికి నలభై లీటర్లు నేల మీద, కింది అంతస్తు వాళ్ల సీలింగు మీద పెద్ద మరక. ఆ సీలింగుకు రంగు వేయించిన ఖర్చుతో ఈ పాఠంలోని సామాను మొత్తం వచ్చి ఉండేది.

అందుకని ఈ పాఠానికి ఒకే ఒక్క షరతు. తొట్టిలో ఎన్ని లీటర్లుంటాయో, కుండీల కింది పళ్లెం అన్ని లీటర్లు పట్టాలి. టైమరు పాడై పంపు ఆగకపోయినా, మురుగు పైపు పూడుకుపోయినా, చుక్క నీరు నేలకు చేరకూడదు.

లెక్క చూద్దాం. 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 8 ఎత్తు గోడలున్న ప్లాస్టిక్ పళ్లెం తీసుకోండి. అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు చొప్పున మన కుండీలు అందులో సరిపోతాయి. సమంగా ఉంచితే అది సుమారు 57 లీటర్లు పడుతుంది. కానీ నీరు ఒక మూలకు పారాలి కాబట్టి రెండో చివర కింద రెండు సెంటీమీటర్ల చెక్క బద్ద పెడతాం. ఆ వాలు వల్ల పట్టే నీరు 50 లీటర్లకు తగ్గుతుంది. తొట్టి 40 లీటర్లదైతే ఇంకా పది లీటర్ల వెసులుబాటు ఉన్నట్టు. వాలును కంటితో నిర్ణయించకండి. తాపీ మేస్త్రీ వాడే రసమట్టం పెట్టి చూడండి. మన నేలలు అనుకున్నంత సమంగా ఉండవు, నా గదిలో నేలే తలుపు వైపు వాలి ఉంది. పళ్లేన్ని మోసే స్టాండు గట్టిదై ఉండాలి. నిండితే నీళ్ల బరువే యాభై కిలోలు, దానికి తడి కుండీల బరువు అదనం.

పళ్లెం వాలిన మూలలో రంధ్రం చేసి ట్యాంకు నిపుల్ (రంధ్రానికి పైపును కలిపే మర గొట్టం) బిగించాలి. ముప్పావు అంగుళానిది చాలు, అంతకన్నా సన్నది వద్దు. కోకోపీట్ పీచు, రాలిన ఆకులు, కొన్నాళ్లకు వేర్లు కూడా ఈ దారిలోకే వస్తాయి. రబ్బరు వాషరు లోపలి వైపు ఉండాలి, నట్టు చేతితో బిగించి ఆపై పావు చుట్టు తిప్పితే చాలు. ఇంకా బలం చూపిస్తే పళ్లెం పగులుతుంది. నిపుల్ అంచు మందం వల్ల ఆ మూలలో మూడు నాలుగు మిల్లీమీటర్ల నీరు ఎప్పుడూ నిలిచే ఉంటుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలని నేను చాలా తంటాలు పడి వదిలేశాను. కుండీల కింద మూడు సెంటీమీటర్ల ఎత్తు జాలీ పెట్టండి, వారానికోసారి ఆ మూలను గుడ్డతో తుడవండి. కుండీ అడుగు మాత్రం నీటిలో ఉండకూడదు. అలా ఉంటే కారిపోయిన ఉప్పునే మొక్క మళ్లీ పీల్చుకుంటుంది, గాలి ఆడక వేర్లు కుళ్లుతాయి.

నిపుల్ నుంచి పైపు నేరుగా కిందనున్న ఇరవై లీటర్ల బకెట్టులోకి దిగాలి. మధ్యలో పైపు వేలాడి వంపు తిరిగితే ఆ వంపులో మడ్డి చేరుతుంది. పక్కనే స్నానాల గది ఉంటే పైపును అక్కడి నహానీ ట్రాప్‌లోకి, అంటే నేలలోని మురుగు రంధ్రంలోకి, వదలవచ్చు కదా అనిపిస్తుంది. వదలవచ్చు, కానీ నేను బకెట్టునే ఎంచుకుంటాను. ఎంత నీరు బయటికి వచ్చిందో కొలవకుండా ఎంత పోయాలో తెలియదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు నీళ్లు వచ్చే దారి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్య పథకం మొదలైన తర్వాత డ్రిప్పు సామాను దొరకడం మనకు కష్టం కాకుండా పోయింది. రైతులు వెళ్లే దుకాణానికే వెళ్లండి. అలంకార మొక్కల దుకాణంలో అదే లేటరల్ పైపు (డ్రిప్పర్లు గుచ్చే పైపు) అందమైన డబ్బాలో పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతారు. మనకు కావలసింది 16 మిల్లీమీటర్ల నల్ల లేటరల్ రెండు మీటర్లు, గంటకు రెండు లీటర్లిచ్చే ప్రెషర్ కాంపెన్సేటింగ్ (పీడనం కొంత మారినా ఒకే లెక్కన నీరిచ్చే) డ్రిప్పర్లు పదహారు, డ్రిప్పరు నుంచి కుండీకి నీరు తెచ్చే 4 మిల్లీమీటర్ల మైక్రో ట్యూబు పది మీటర్లు, పైపు చివర మూయడానికి ఒక ఎండ్ క్యాపు, 120 మెష్ ఫిల్టరు. పైపు నల్లగా ఉండడం ముఖ్యం. పారదర్శకమైన పైపులో దీపాల వెలుగుకు వారం రోజుల్లో పాచి పడుతుంది. తొట్టికీ ఇదే వర్తిస్తుంది, మూత కూడా ఉండాలి.

చాలామంది పప్పులో కాలేసేది పంపు దగ్గరే. కూలర్ పంపు చవక, నీళ్లు ధారగా పోస్తుంది, కాబట్టి సరిపోతుందనుకుంటారు. మామూలు 18 వాట్ల కూలర్ పంపు నీటిని సుమారు 1.8 మీటర్ల ఎత్తుకే నెట్టగలదు. పీడనంలో చూస్తే అది 0.18 బార్. మనం కొన్న డ్రిప్పర్లు సరిగా పని చేయడానికి దాదాపు ఒక బార్ కావాలి, అంటే పది మీటర్ల ఎత్తు నీటి బరువు. దుకాణంలో దీన్నే ‘ఒక కిలో ప్రెషర్’ అంటారు. కూలర్ పంపు పెడితే దగ్గరి కుండీ తడుస్తుంది, చివరి కుండీ ఎండుతుంది, మీరు డ్రిప్పర్లను తిడతారు.

మనకు సరిపోయేది బ్యాటరీ స్ప్రేయర్లలో ఉండే 12 వోల్టుల డయాఫ్రం పంపు. విడిగా దొరుకుతుంది. దానికి 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టరు జత చేయండి. ఒక చిక్కుంది. ఈ పంపు నిమిషానికి మూడు లీటర్ల పైన తోస్తుంది, మన పదహారు డ్రిప్పర్లు కలిసి నిమిషానికి అర లీటరు మాత్రమే తాగుతాయి. మిగిలిన నీటికి దారి లేక పీడనం పెరిగి, పంపులోని స్విచ్చు టక్కుటక్కుమని ఆగుతూ, మొదలవుతూ ఉంటుంది. అందుకే పంపు తర్వాత ‘టీ’ (T) ఆకారపు పైపు జోడింపు ఒకటి పెట్టి, దాని ఒక కొమ్మకు చిన్న వాల్వు బిగించి, అక్కడి నుంచి పైపును తిరిగి తొట్టిలోకే వదలండి. పైపుకు పీడనం మీటరు తగిలించి, అది ఒక కిలో దాటి కొద్దిగా పైన నిలిచేదాకా వాల్వు తిప్పితే సరి. తొట్టిలోకి తిరిగి పడే నీరు ఎరువు ద్రావణాన్ని కలియబెడుతుంది కూడా. ఇది నేను కోరుకోకుండానే దొరికిన లాభం.

తొట్టి నేల మీదే ఉండాలి, డ్రిప్పర్లు దాని నీటి మట్టం కన్నా పైన. డయాఫ్రం పంపు ఆగితే దారి మూసుకుంటుందన్న భరోసా వద్దు, పై నుంచి బరువు పడితే దాని కవాటాలు నీటిని ముందుకు వదిలేస్తాయి.

లేటరల్‌ను రెండు వరసల మధ్య పరచి డ్రిప్పర్లు గుచ్చి, ఒక్కోదానికి ఒక మైక్రో ట్యూబు తగిలించండి. ప్రతి కుండీకి రెండు, ట్యూబుల చివరలు కాండానికి ఇరువైపులా మూడేసి సెంటీమీటర్ల దూరంలో. ఒకటి పూడుకుపోయినా రెండోది మొక్కను కాపాడుతుంది. ఎండ్ క్యాపు పెట్టే ముందు ఒక నిమిషం పంపు నడిపి పైపులోని ప్లాస్టిక్ రజనును కడిగేయండి.

ఇక టైమరు. గుండ్రంగా తిప్పే పాత రకం టైమర్లలో అతి చిన్న గడువు పావుగంట. మనకు కావలసింది ఆరు నిమిషాలు. ఎలాగంటే, పది లీటర్ల కుండీకి ఒక్కో తడిలో దాని పరిమాణంలో నాలుగు శాతం, అంటే 400 మిల్లీలీటర్లు ఇద్దాం. రెండు డ్రిప్పర్లు కలిసి నిమిషానికి 67 మిల్లీలీటర్లు ఇస్తాయి, ఆరు నిమిషాలకు 400. కాబట్టి నిమిషం చొప్పున అమర్చగల డిజిటల్ టైమరు కొనండి. దానిలో చిన్న బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయి వచ్చినా సమయం తప్పదు. దీపాలు ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా వెలిగితే తడులు 8, 11, 2, 5 గంటలకు పెట్టండి. చీకటి పడ్డాక తడి వద్దు. ఇది బాగా ఎదిగిన మొక్కల లెక్క, నారు దశలో రోజుకు ఒక తడి చాలు.

బకెట్టు నిండితే పంపు ఆగాలి. దానికి నీటి మట్టంతో పాటు తేలుతూ పని చేసే ఫ్లోట్ స్విచ్చు ఉంది, కానీ నేరుగా పంపు తీగలో కలపకండి. చిన్న ప్లాస్టిక్ ఫ్లోట్‌లోని రీడ్ స్విచ్చు (అయస్కాంతంతో కలిసి విడిపోయే సన్న రేకుల స్విచ్చు) పది వాట్లకు మించి భరించదు, పంపు దానికి మూడింతలు లాగుతుంది. లోపలి రేకులు అతుక్కుపోతాయి, అప్పుడు బకెట్టు పొంగినా పంపు ఆగదు. మధ్యలో మోటారు వాహనాల్లో వాడే 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే, ఆపే స్విచ్చు) పెట్టండి, దాని కాయిల్ ఆగేటప్పుడు పుట్టే వోల్టేజి దెబ్బ ఫ్లోట్ స్విచ్చుకు తగలకుండా కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు. బకెట్టు ఖాళీగా ఉన్నప్పుడే రిలే పని చేసేలా ఫ్లోట్‌ను తిప్పి బిగించండి. అప్పుడు తీగ తెగినా పంపు ఆగిపోతుంది తప్ప నీళ్లు పొంగవు. అడాప్టర్లు, టైమరు గోడ మీద పళ్లెం కన్నా ఎత్తులో ఉండాలి. ప్రతి తీగా ప్లగ్గు కన్నా కిందికి వంగి తర్వాత పైకి వెళ్లాలి, తడి చుక్క తీగ వెంట ప్లగ్గులోకి పోకుండా. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు అది పెట్టించండి. అది లేకుండా ఈ పాఠం ముందుకు సాగించకండి.

అన్నీ అయ్యాక మైక్రో ట్యూబులను కుండీల నుంచి తీసి పదహారు గ్లాసుల్లో పెట్టి ఆరు నిమిషాలు నడపండి. గ్లాసుకు 200 మిల్లీలీటర్లు రావాలి. 180 కన్నా తక్కువ వచ్చినదాన్ని మార్చండి. బోరు నీళ్లవాళ్లకు కొన్ని నెలల్లో ఈ లెక్క తప్పుతుంది, సున్నం పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో డ్రిప్పర్లను ఒక రాత్రి నానబెడితే వదులుతుంది. ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీటిని మాత్రం తొట్టిలో పోయకండి. దానిలో ఉప్పు మరింత చిక్కబడి ఉంటుంది.

పంపు ఆపకుండా తొట్టి ఖాళీ అయ్యేదాకా ఒకసారి నడపాలి, మురుగు రంధ్రాన్ని గుడ్డతో మూసి. పళ్లెం ఆ నలభై లీటర్లనూ పట్టిందా, స్టాండు కదిలిందా చూడండి. నేను ఈ పరీక్ష ఆదివారం ఉదయం చేస్తాను, తుడవడానికి ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడు.

తర్వాత వారం రోజులు, ప్రతి ఉదయం బకెట్టులోని నీటిని కొలిచి రాసుకోండి. నాలుగు తడులకు ఎనిమిది కుండీలకు వెళ్లేది 12.8 లీటర్లు. అందులో పదిహేను శాతం, అంటే 1.9 లీటర్ల దాకా బయటికి రావాలి. అసలు రాకపోతే ఎరువు ఉప్పు కుండీలోనే పేరుకుంటోంది, ఒక తడిని నిమిషం పెంచండి. నాలుగు లీటర్లు వస్తే ఒక నిమిషం తగ్గించండి. ఈ నీటిని మళ్లీ తొట్టిలో పోయవద్దు. మా ఇంట్లో దానికి సగం మంచినీళ్లు కలిపి కింద కాంపౌండులోని మందారకు పోస్తాం.

వచ్చే పాఠానికి ఆ ఏడు రోజుల అంకెలు దగ్గర పెట్టుకోండి. నీటిలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపే ఈసీ మీటరు కూడా ఒకటి కావాలి. తొట్టిలో నీటికీ బకెట్టులో నీటికీ మధ్య తేడాను చదవడం అప్పుడు మొదలుపెడదాం.