ఇంజన్ ఆయిల్లో నీళ్లు కలిశాయా? సెల్ఫ్ కొట్టే ముందు ఇలా చూసుకోండి

ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేలోపే కనకాయలంక కాజ్‌వే (నది పాయ మీద తక్కువ ఎత్తులో వేసిన దారి) లాంటివి మునిగిపోతుంటాయి. ఆ నీళ్లలో కారు ఆగిపోతే మనవాళ్లు ముందు చేసేది మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం. దయచేసి ఆ పని చేయకండి. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు కాబట్టి సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్‌కి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆయిల్ మార్చుకుంటే పోయేది కాస్తా ఇంజన్ విప్పేదాకా వెళ్తుంది.

కారును ఒడ్డుకు నెట్టించి ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. తడిగా ఉంటే ఇక స్టార్ట్ చేయొద్దు, తాడేసి మెకానిక్ దగ్గరకి లాగించడమే.

పొడిగా ఉన్నా, వరదతో సంబంధం లేకుండా అనుమానం వచ్చినా, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే కడ్డీ) చూడాలి. ఇంజన్ చల్లగా ఉండాలి, కారు సమంగా ఉన్న నేల మీద ఉండాలి. ఒకసారి తుడిచి, మళ్లీ దించి తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో, చిక్కగా, పై గీత దాటి ఉంటే నీళ్లో కూలెంటో (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కలిసినట్టే. రంగు మారకుండా లెవెల్ మాత్రమే పెరిగి, పల్చబడి, పెట్రోలో డీజిలో వాసన కొడితే అది ఇంధనం. అమలాపురం ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బీఎస్6 డీజిల్ కార్లలో ఇది వస్తుంది, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనంతట తాను మసి కాల్చుకుని శుభ్రపడటం మధ్యలో ఆగి కాలని డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది.

ఆయిల్ మూత అడుగున మాత్రం కాస్త తెల్ల నురగ ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉండి, కూలెంట్ తగ్గకపోతే టెన్షన్ పడకండి. అది తేమ. మూత తుడిచి, ఒక లాంగ్ డ్రైవ్ వెళ్లొచ్చి మళ్లీ చూడండి.

తర్వాత కూలెంట్ డబ్బా. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీయొద్దు, చేతులూ మొహం కాలిపోతాయి. లోపల ఆయిల్ తెట్టు కనిపిస్తే చాలామంది వెంటనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయిందనేస్తారు. తొందరపడి ఒప్పుకోకండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడటం, డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ, ఇవి ఉంటే గ్యాస్కెట్ మీదే అనుమానం. ఇవేవీ లేకుండా కూలెంట్లో ఆయిల్ మాత్రమే ఉంటే ముందు ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే భాగం) పరీక్ష చేయమని అడగండి, ఎందుకంటే ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెజర్ కూలెంట్ ప్రెజర్ కంటే ఎక్కువ, కూలర్లో చిల్లు పడితే ఆయిలే అటు తోసుకెళ్తుంది. హెడ్ విప్పకముందే బ్లాక్ టెస్ట్ కూడా చేయించండి, అంటే కూలెంట్ పైన చేరే గాలిని నీలం ద్రవం గుండా పంపి చూడటం. పెట్రోల్ ఇంజన్ పొగ కూలెంట్లోకి వస్తుంటే ఆ నీలం ద్రవం పసుపుగా మారుతుంది.

కూలెంట్ తుప్పు రంగులో ఉంటే వేళ్ల మధ్య రుద్దండి. గరగరలాడితే తుప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు బోరు నీళ్లు రేడియేటర్లో పోస్తే వచ్చేది ఇదే, కూలెంట్లో కలపడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఇంకా తేలకపోతే కారును రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయండి. బాగా కలిసిపోని నీరు బరువుకి అడుగున చేరి ముందుగా అదే కారుతుంది. తీసిన ఆయిల్, కూలెంట్ పంట కాలువలో పారబోయకండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు తాగితే చచ్చిపోతాయి. క్యాన్లో పట్టి మెకానిక్‌కే ఇచ్చేయండి.