సంక్రాంతికి ఇంటికెళ్తున్నారా? ఎవరికి ఏమివ్వాలో ఇలా తేల్చుకోండి

బస్సెక్కే ముందు షాపింగ్ మాల్‌లో దూరి అమ్మకో చీర, నాన్నకో చొక్కా లాగేసుకొచ్చే బాపతే నేనూ. అలా కొన్నవి నాలుగు చీరలు అమ్మ బీరువాలో మడత విప్పకుండా కనిపించాక పద్ధతి మార్చాను.

ముందుగా, పండక్కి నెల ముందు నుంచే ఫోన్లో మాటలు జాగ్రత్తగా వినండి. "ఏం కావాలి?" అని మాత్రం అడక్కండి, "ఏమీ వద్దు, నువ్వొస్తే చాలు" అంటారు (ఒక్కోసారి అది నిజమే). దేనికి సణుగుతున్నారో పట్టుకోండి. "కూర్చుని మాట్లాడి ఎన్నాళ్లయిందిరా" అనేవాళ్లకు మీతో ఒక పూట కావాలి, "అన్నీ నేనొక్కదాన్నే చూసుకోవాలి" అనేవాళ్లకు చేతిసాయం కావాలి. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని ఏదో ఒకటి పంపే పిన్నికి వస్తువే ఇవ్వండి.

చేతిసాయమంటే గిన్నెలు సర్దడం ఒక్కటే అనుకోకండి. అరిసెలు వండే రోజు ఇంట్లో ఉండండి. నానబెట్టిన బియ్యం వడకట్టి తడిపిండి పట్టించుకురావడం, బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కడుతోందో లేదో చూడటం, దించగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపడం, ఇదంతా ఒక్క మనిషి పని కాదు, కాస్త ఆలస్యమైతే పాకం ముదిరి అరిసెలు రాళ్లవుతాయి. ఆ తెడ్డు మీరు పట్టుకోండి. దీనికి భోగికి రెండు రోజుల ముందే చేరాలి, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి నవంబరు రెండో వారంలోనే టికెట్ చూసుకోండి.

మాట్లాడే మనిషి కోసం ఎదురుచూసేవాళ్లను ఎక్కడికైనా తీసుకెళ్లండి. పోయినేడు నాన్నను బండి మీద పక్క ఊళ్లో ఉన్న ఆయన చిన్ననాటి స్నేహితుడింటికి తీసుకెళ్లాను. ఇద్దరూ రెండు గంటలు ఎరువుల ధరల గురించి తప్ప ఇంకేం మాట్లాడుకోలేదు, అయినా వారమంతా ఆయన నోట అదే మాట.

కొందరికి మంచి మాటే పెద్ద కానుక. "వంట బాగుంది వదినా" అంటే చాలదు. "నాన్న ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో మూడు రాత్రులూ నువ్వే ఉన్నావు" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే తెలుగులో ఓ పేజీ ఉత్తరం చేత్తో రాసివ్వండి, వాట్సాప్ ఫార్వర్డ్ వద్దు.

వస్తువే కొనాలనుకుంటే వాళ్లు రోజూ ఏం కడుతున్నారో చూసి కొనండి. నూలు చీరలు కట్టే పిన్నికి జరీతో నేసే నిజాం అంచున్న మంగళగిరి నూలు చీర చాలు, పట్టు దేనికి? రంగు నచ్చకపోతే మార్చుకునేలా బిల్లు కూడా ఇవ్వండి.

ఒక్క హెచ్చరిక. ఇద్దరు తోడికోడళ్లలో ఒకరికి చీర, ఇంకొకరికి ఉత్తరం ఇచ్చారో, కనుమ దాకా ఆ పంచాయితీయే. ఇద్దరికీ ఒకే ధరలో చీరలు పెట్టి, ఉత్తరం వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఇవ్వండి.