కరాటే బ్లాక్ బెల్ట్ టెస్ట్‌కి ఒంటిని సిద్ధం చేసుకోవడం – 4వ పాఠం: కాళ్ళు

పోయినవారం చేతుల సంగతి చూశాం కదా, పిడికిళ్ళ మీద పుషప్స్, హికితే, అంటే పంచ్ వేసేటప్పుడు రెండో చెయ్యి నడుం దాకా లాగడం, అవన్నీ. అది రెండు వారాలన్నా చెయ్యనివాళ్ళు దయచేసి ముందు అది పూర్తిచేసుకుని ఇందులోకి రండి, ఎందుకంటే ఇక్కణ్ణుంచి పని పెరుగుద్ది. ఈసారి కాళ్ళు. నన్నడిగితే ఈ మొత్తం సిరీస్‌లో అసలు పాఠం ఇదే.

ఎందుకో చెప్తా. టెస్ట్‌లో ముందు కిహోన్, తర్వాత కాటా (ఒంటరిగా ఒక వరసలో చేసే కదలికలు), తర్వాత కుమితే (ఎదురుగా మనిషితో పోరు). కిహోన్ అంటే పంచ్‌లు, బ్లాక్‌లు, కిక్‌లు కలిపి హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి, మాస్టారు ఆపమనేదాకా. అది అయ్యేసరికే తొడలు మండిపోతుంటాయి, అప్పుడు కాటా మొదలవుద్ది. కాలు అలిసిందంటే స్టాన్స్ (కాళ్ళు పెట్టి నిలబడే భంగిమ) పైకి లేస్తుంది, స్టాన్స్ లేస్తే నడుం తిరగదు, నడుం తిరక్కపోతే గ్యాకు జుకిలో (వెనక కాలి వైపు చేత్తో వేసే పంచ్) ఉత్త చెయ్యి ఆడుద్ది తప్ప బలం ఉండదు. చూసేవాళ్ళకి చేతిలో తప్పు కనపడుద్ది, తప్పు మాత్రం కాలిది.

నేను మొదటిసారి టెస్ట్ పోగొట్టుకుంది ఇక్కడే. కాంకు దాయ్ అనే కాటా ఎంచుకున్నా. తెలిసినవాళ్ళకి తెలుసు, 65 కదలికలు, అన్నీ అయ్యాక చివర్లో ఎగిరి రెండు కిక్‌లు. ఇంట్లో రోజూ బాగానే వచ్చేది, ఎందుకంటే రోజూ పొద్దున్నే ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు ఆ కాటా ఒక్కటే చేసి స్నానానికి వెళ్ళిపోయేవాణ్ణి. టెస్ట్‌లో అదే జంప్ గంటన్నర తర్వాత వచ్చింది. కుడికాలి పిక్క పట్టేసింది, రెండో కిక్ మోకాలి ఎత్తుకి కూడా లేవలేదు. బయటికొచ్చాక మా మాస్టారు "కాటా నీకు వచ్చురా, అలిసిపోయాక చేసే కాటా రాదు" అన్నారు. ఆ తర్వాత ఆర్నెల్లు దేని మీద కూర్చున్నానో అదే ఇప్పుడు మీకు చెప్తున్నా.

ముందు స్టాన్స్. మాది షోటోకాన్ కాబట్టి ఆ లెక్కలోనే చెప్తా, వేరే స్టైల్ వాళ్ళు మీ స్టాన్స్‌కి మార్చుకోండి. ఇంత లోతుగా ఎందుకు కూర్చోవాలని మా క్లాసులో పిల్లలు అడుగుతుంటారు. ఫునకోషి గిచిన్ గారు 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చి కరాటే చూపించినప్పుడు స్టాన్స్‌లు ఇంకా ఎత్తుగానే ఉండేవి, తర్వాత వాళ్ళబ్బాయి యోషితాకా వాటిని బాగా కిందికి దింపి పొడుగు చేశారు. ఆ లోతు వల్లే షోటోకాన్ ప్రాక్టీస్‌లో ప్రతి అడుగూ కాళ్ళకి ఎక్సర్‌సైజ్ అయిపోద్ది. కాబట్టి విడిగా జిమ్‌కి పోకపోయినా పర్లేదు, ఉన్న స్టాన్స్‌ని నిజాయితీగా లోతుగా చేస్తే చాలు.

నిజాయితీగా అంటున్నా ఎందుకంటే మనం లేస్తున్నామని మనకి తెలీదు. దీనికి నాకు దొరికిన మంచి ఉపాయం దండెం. డాబా మీద బట్టలారేసుకునే దండెం ఉంటుంది కదా, దాన్ని విప్పి, మీరు జెన్‌కుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపే స్టాన్స్) కరెక్ట్‌గా కూర్చున్నప్పుడు మీ తల ఎక్కడికి వస్తుందో దానికి రెండు వేళ్ళు పైన కట్టండి. ఇప్పుడు దాని కిందే ఓయ్ జుకి (అడుగు ముందుకేస్తూ అదే వైపు చేత్తో పంచ్) వేసుకుంటూ ఆ చివరికి వెళ్ళి, తిరిగి, మళ్ళీ ఇటు రండి. జుట్టుకి తాడు తగిలిందంటే లేచినట్టే. మొదటి నాలుగు అడుగులు ఎవరికీ తగలదు, ఏడో అడుగో ఎనిమిదో అడుగో తగలడం మొదలవుద్ది, ముఖ్యంగా వెనక కాలు ముందుకి తెచ్చేటప్పుడు మధ్యలో. రెండు పాదాలు ఒకదాని పక్కకొకటి వచ్చే ఆ క్షణంలోనే మోకాళ్ళు చాపేస్తాం, కాసేపు రెస్ట్ దొరుకుద్దని ఒళ్ళు చేసే పని అది. అక్కడే వంచి ఉంచాలి.

రెండోది మడమ. ఈసారి ఎవర్నన్నా పక్కన కూర్చోబెట్టుకుని మీ వెనక కాలి మడమ చూడమనండి, మా ఇంట్లో మా చెల్లి చూసేది. పాత పోస్ట్‌కార్డో మడిచిన పేపరో చేతిలో ఇవ్వండి, పంచ్ అయిపోయి ఆగిన క్షణంలో అది మడమ కింద దూరిందంటే మడమ లేచినట్టు. బలం నేలనుంచి మడమ మీదుగానే కదా నడుంలోకి వచ్చేది, అది లేస్తే అక్కడే తెగిపోద్ది. చాలామందికి మడమ లేచేది పిక్క, చీలమండ బిగుసుకుపోయి ఉండటం వల్ల, దానికి గోడకి చేతులు ఆనించి, వెనక కాలు నిటారుగా, మడమ నేలకి నొక్కి ముప్పై సెకన్లు, ఒక్కో కాలికి మూడుసార్లు, రోజూ పడుకునే ముందు. మూడు నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. ముందు కాలి మోకాలు బొటనవేలు వైపు లోపలికి వాలిపోకుండా రెండో వేలు వైపే చూస్తుండాలి, మోకాళ్ళ నొప్పులు సగం ఇక్కణ్ణుంచే వస్తాయి.

కిబా దాచి, అంటే గుర్రం మీద కూర్చున్నట్టుండే స్టాన్స్, తేలిగ్గా చెప్పేస్తా. బళ్ళో గోడకుర్చీ వేయించేవాళ్ళు గుర్తుందా, అదే, గోడ తీసేయండి. పాదాలు సమాంతరంగా, మోకాళ్ళు బయటికి, వీపు నిటారుగా. ముప్పై సెకన్లతో మొదలుపెట్టి నాలుగుసార్లు, వారానికి పదిహేను సెకన్లు పెంచుకుంటూ రెండు నిమిషాల దాకా. తొడలు వణకడం మామూలే, మోకాలి లోపల పోటు వస్తే మాత్రం వెంటనే లేవండి.

ఇక ఊపిరి. మా క్లాసులో చాలామంది టెస్ట్ అనగానే ప్రకాశం బ్యారేజీ మీద పరుగు మొదలుపెడతారు. మంచిదే, ఆ బ్యారేజీ 1,223 మీటర్ల చిల్లర, ఇటునుంచి సీతానగరం వైపు వెళ్ళి తిరిగొస్తే దాదాపు రెండున్నర కిలోమీటర్లు, తెల్లారుజామున కృష్ణ మీంచి గాలి కొడుతుంటే హాయిగా ఉంటుంది కూడా. వారానికి రెండుసార్లు చెయ్యండి. కానీ టెస్ట్ అలా ఉండదు. ఒక నిమిషం ప్రాణం పెట్టి చేస్తారు, కాసేపు నిలబడతారు, మళ్ళీ ఒక నిమిషం. కాబట్టి ఊపిరి కూడా అలాగే అలవాటు పడాలి. బస్సాయ్ దాయ్ అనే కాటా పూర్తి స్పీడ్‌లో, కియాయ్‌తో (గట్టి అరుపుతో) సహా చేస్తే ఇంచుమించు నిమిషం. చెయ్యండి, నిమిషం ఆగండి, మళ్ళీ చెయ్యండి, మొత్తం ఐదుసార్లు. వారం వారం ఆగే టైం పది సెకన్లు తగ్గించండి, ముప్పై సెకన్ల కన్నా తగ్గించొద్దు. ఆగినప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని వంగిపోకండి, టెస్ట్‌లో అలా నిలబడలేరు, యోయిలో (మొదలుపెట్టే ముందు సిద్ధంగా ఉండే భంగిమ) నిలబడి ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలండి.

మెట్లు ఎక్కడం కూడా అడిగారు కొందరు. ఇంద్రకీలాద్రి మెట్ల మీద మాత్రం పరుగులు వద్దండీ, అక్కడ ఆడవాళ్ళు మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంటారు, వాళ్ళ మధ్య మనం దూసుకుపోవడం బాగోదు, పైగా జారుద్ది. అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఎక్కేటప్పుడు స్పీడ్‌గా, దిగేటప్పుడు నడిచి, పదిసార్లు. దిగేటప్పుడే మోకాలి మీద బరువు ఎక్కువ పడిద్ది, అక్కడ తొందరపడొద్దు.

మన ఊరి ఎండ సంగతి చెప్పకుండా ఈ పాఠం అవదు. మే నెలలో టెస్ట్ పడితే ప్రాక్టీస్ పొద్దున ఆరున్నర లోపు, లేదా రాత్రి ఏడు దాటాక, అంతే. మధ్యలో మొండిగా చేసి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని చూశా. డాబా గచ్చు రాత్రి ఎనిమిదికి కూడా కాలుతుంటుంది, బకెట్ నీళ్ళు చల్లి, అవి పూర్తిగా ఆరాక చెయ్యండి, తడి మీద కాలు జారిద్ది. వారంలో ఒకరోజు ఫుల్ యూనిఫామ్ వేసుకునే ప్రాక్టీస్ చెయ్యాలి, టీషర్ట్‌లో తేలిగ్గా అనిపించిందల్లా ఆ మందం బట్టలో చెమటకి తడిసి బరువెక్కాక వేరేలా ఉంటుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగో నిమ్మకాయ నీళ్ళో పక్కనే పెట్టుకుని దాహం వేయకముందే కొంచెం కొంచెం తాగుతుండండి. తల దిమ్ముగా ఉన్నా, ఎండలో చెమట పట్టడం ఆగిపోయినా అక్కడితో ఆపి నీడలోకి వెళ్ళి ఒంటి మీద నీళ్ళు పోసుకోండి, తగ్గకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి.

వారం ఎలా వేసుకోవాలంటే, సోమ, గురువారాలు దండెం కింద స్టాన్స్, కిబా దాచి. మంగళ, శుక్రవారాలు బ్యారేజీయో మెట్లో. బుధవారం బస్సాయ్ దాయ్ ఐదుసార్లు చేసే ఆ ఊపిరి పని. శనివారం పూర్తి రెస్ట్, పిక్కలకి కొబ్బరినూనె రాసి మర్దన చేసుకోండి అంతే.

ఆదివారం ఇవన్నీ కలిపి ఒకేసారి, నిజమైన టెస్ట్ లాగా. ముందు ఇరవై నిమిషాలు ఆపకుండా కిహోన్, వెంటనే మీ టెస్ట్ కాటా మూడుసార్లు. ఎవరన్నా పక్కనుండి వీడియో తీస్తే ఇంకా మంచిది. తర్వాత కూర్చుని చూసుకుని, వెనక మడమ మొదటిసారి ఎన్నో కాటాలో, ఎన్నో కదలిక దగ్గర లేచిందో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. నాది మొదట్లో రెండో కాటా పదకొండో కదలిక. నాలుగు ఆదివారాల తర్వాత మూడో కాటా చివరికి వెళ్ళింది. మీ నంబర్ రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో కుమితే ఆ నంబర్ దగ్గర్నుంచే మొదలుపెడదాం, దానికి మీ ఎత్తు ఉన్న పార్ట్‌నర్ ఒకరు కావాలి, ఈలోపు మాట్లాడి ఉంచుకోండి.