ముందు చీటీ, తర్వాత ఆసుపత్రి మంచం: ఉద్యోగం పోకుండా మందు మానిన తీరు

మందు మానాలని మొదటిసారి అనుకున్నప్పుడు నేను వేసుకున్న ప్లాన్ ఇది. శుక్రవారం రాత్రి ఆపేయాలి, శని ఆదివారాలు దుప్పటి కప్పుకుని పడుకోవాలి, సోమవారం ఏమీ ఎరగనట్టు పొద్దున ఆరింటి ‘ఏ’ షిఫ్ట్‌కి వెళ్లిపోవాలి. ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫిట్స్ వచ్చి బాత్‌రూమ్‌లో పడ్డాను. సోమవారం నుంచి నాలుగు రోజులు కంపెనీకి ఫోన్ లేదు, కబురు లేదు. తిరిగి వెళ్లేసరికి మెమో. పటాన్‌చెరు దగ్గర సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్ మీద పదకొండేళ్లు పనిచేశాను, పూటుగా తాగిన రోజుల్లో కూడా రాని మెమో మానిన వారంలో వచ్చింది.

రెండోసారి వరస మార్చాను. అదే చెబుతున్నాను.

రోజూ తాగేవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపొద్దు. చివరి పెగ్గు పడిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. ఆ తర్వాత రెండు రోజులు కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆసుపత్రిలో అయితే క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి వణుకు, ఫిట్స్ ఆపే మాత్రలు ఇచ్చి రోజూ కొంచెం తగ్గిస్తూ, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు వేస్తూ ఆ వారం దాటిస్తారు. మాది కల్లే కదా అనేవాళ్లకు ఒక మాట. కల్తీ కల్లులో అల్ప్రాజోలం అనే నిద్రమాత్రల మందు కలుపుతారు, అది ఆపినా ఇదే గతి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఆసుపత్రులకు జనం ఎందుకు వరస కట్టారనుకున్నారు?

కాబట్టి లీవ్ లెక్క వీకెండ్‌తో తేలదు. నేను మూడు వారాలు అనుకున్నాను, సరిపోయింది.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు అలవాట్ల కోసమే ఉన్న ఉచిత నంబర్ అది. టెన్షన్, నిద్ర పట్టకపోవడం లాంటివి కూడా ఉంటే 14416, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య నంబర్. మాకు హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి దగ్గర. ఆ పేరు వినగానే మా ఆవిడ ఏడ్చింది, పిచ్చాసుపత్రి అని. అక్కడ మందు మాన్పించే వార్డు ఉందని, పక్క మంచం మీద గవర్నమెంట్ టీచర్ ఉన్నాడని చూశాక తేరుకుంది. ప్రైవేటు సెంటర్ అయితే రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ సైకియాట్రిస్ట్ వస్తాడా అని అడగండి. ఆరు నెలలు ఫోన్ ఇవ్వం, ఇంటివాళ్లను కలవనివ్వం అనే చోట చేరితే ఉద్యోగం సంగతి ఇక మరిచిపోవచ్చు. మామూలు హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు చేరకముందే చదువుకోండి, తాగుడు చికిత్సకు డబ్బు ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

ఇక కాగితాలు. నా జీతం ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) పరిధిలోనే ఉంది, అంటే నెలకు 21,000 లోపు. అడ్మిట్ కాకముందే ఈఎస్‌ఐ డాక్టర్‌ని కలిసి, ఏం తాగుతాను, ఎంత తాగుతాను, ఏ మెషీన్ మీద పని అన్నీ చెప్పి సిక్ సర్టిఫికెట్ అడిగాను. ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో 78 రోజులు కట్టి ఉంటే, రోజు కూలీ సగటులో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులకు రాదు. మా ఇంటికి అది పాలు, స్కూల్ ఫీజు. ఆ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో మనిషిని పనిలోంచి తీసేయకూడదని అప్పటి 1948 ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్‌లో ఉండేది (2025 నవంబర్‌లో దాని స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది). వార్డులో పక్కవాళ్లకు చదివి వినిపించేవాణ్ణి, వకీలు అని పేరు పెట్టారు.

సర్టిఫికెట్ అందిన రోజే హెచ్‌ఆర్‌కి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టాను. లెటర్‌లో రాసింది రెండే ముక్కలు: డాక్టర్ సలహా మీద ఆసుపత్రిలో చేరుతున్నాను, ఫలానా తేదీ వరకు సెలవు కావాలి. అబద్ధం లేదు, కథ లేదు. కామెర్లు అని రాద్దామని బావమరిది సలహా ఇచ్చాడు, నేను ఒప్పుకోలేదు. డిశ్చార్జ్ కాగితం వేరేగా ఉంటే అప్పుడు మెమో కాదు, ఏకంగా చార్జిషీటే. నా వైద్యం వివరాలు నా అనుమతి లేకుండా ఆసుపత్రి బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది, తాగుడు జబ్బూ దాని కిందికే వస్తుంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఒక్కడికి మాత్రం నోటితో నిజం చెప్పాను. ఓవర్‌టైమ్ బ్యాచ్‌కి చెప్పలేదు, వాళ్లలో సగం మంది నాతో గ్లాసు కలిపినవాళ్లే.

ఒక్కటి గుర్తుంచుకోండి. డ్యూటీలో తాగి దొరికాక చికిత్సకు వెళ్తాను అంటే కంపెనీ దాన్ని జబ్బుగా చూడదు, మిస్‌కాండక్ట్‌గా చూస్తుంది. దొరకకముందే వెళ్లాలి. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్లకు ఇంత ధీమా ఉండదు, అయినా స్టాంపు వేసిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి.

తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో పాటు, కొన్నాళ్లు నైట్ షిఫ్ట్ వద్దని డాక్టర్‌తో రాయించుకున్నాను. మత్తుగా ఉంచే మాత్రలు వేసుకుని మెషీన్ మీద చెయ్యి పెట్టకూడదు కదా. ఓపీ పొద్దునే ఉంటుంది కాబట్టి గురువారాలు బీ షిఫ్ట్ అడిగాను, రెండింటికి లోపలికి వెళ్తే పదింటికి బయటికి. తాగాలనిపించే సాయంత్రం కూడా అందులోనే పోయేది. జీతం మా ఆవిడ అకౌంట్‌లో పడేలా మార్పించాను. బస్సు ఒక స్టాప్ ముందే దిగడం మొదలుపెట్టాను, మామూలు స్టాప్ ఎదురుగానే వైన్స్.

తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర గురించి ఆడవాళ్లకు ఒక మాట: భర్తకు చెప్పకుండా కూరలో కలపొద్దమ్మా. దాని మీద మందు పడితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. నాకు డాక్టర్ తాగాలనే యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ ఇచ్చారు, లివర్ టెస్ట్ చూశాక.

నాలుగో నెల ఒక పెళ్లిలో మళ్లీ తాగాను. పొద్దున వాసన ఇంకా పోలేదు, ఆరింటికి డ్యూటీ. ఐదుంబావుకే ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేసి సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టాను, గురువారం దాకా ఆగకుండా ఓపీకి వెళ్లాను. డాక్టరమ్మ తిట్టలేదు. ఎన్ని పెగ్గులు, ఎన్ని గంటలకు అని అడిగి, చీటీ మీద రాసి, పై వారం తేదీ వేసి ఇచ్చింది.