చిన్న ఊళ్లో పెళ్లి ఫొటోలు తీయడం ఎలా?

తెలుగువాళ్ల పెళ్లిళ్లలో చాలావరకు అసలు ముహూర్తం తాళి కట్టే సమయం కాదు, జీలకర్ర–బెల్లం పెట్టే సమయం. శుభలేఖలో గంటలు, నిమిషాలతో సహా వేసేది దాన్నే. పని మొదలుపెట్టిన కొత్తలో నాకు ఈ సంగతి సరిగ్గా తెలియదు. తాళి దగ్గర అవసరమవుతుందని కొత్త బ్యాటరీ మార్చుకుంటూ ఉండగా గట్టిమేళం మోగిపోయింది. ఆల్బమ్ మొత్తం తిరగేశాక పెళ్లికూతురి తల్లి "జీలకర్ర–బెల్లం ఫొటో ఏది బాబూ?" అని మాత్రం అడిగారు. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు కెమెరా కన్నా ముందు పెళ్లి తంతు నేర్చుకోమని చెబుతాను.

1. బుకింగ్ రోజునే అన్నీ కాగితం మీద పెట్టండి

ఎన్ని రోజులు, ఎంతమంది ఫొటోగ్రాఫర్లు, వీడియో ఉందా, ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఎప్పటికి ఇస్తారు అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. తెలిసినవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకండి. చిన్న ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, మాట తేడా వస్తే పోయేది కూడా ఆ పరిచయాలే. డబ్బు మూడు విడతలుగా తీసుకోవడం మంచిది: బుకింగ్‌కు అడ్వాన్సు, పెళ్లిరోజు పెద్ద భాగం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు మిగతాది.

రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. అవతలి పక్షంవాళ్లు వేరే ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఆయన నంబరు తీసుకుని ముందే మాట్లాడుకోండి. మండపం మీద ఇద్దరు ఫొటోగ్రాఫర్లు ఒకరికొకరు అడ్డం పడితే ఇద్దరి ఫొటోలూ పాడవుతాయి. రెండోది, డ్రోన్ కావాలా? 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్న మనిషినే పిలవండి.

2. పంతులుగారికి ముందే ఫోన్ చేయండి

స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ, కన్యాదానం, జీలకర్ర–బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అని ఒక వరుస మీకు తెలిసి ఉండవచ్చు. కానీ ఊరిని బట్టి, కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి అది మారుతుంది. తెలంగాణ పెళ్లిలో ఎదుర్కోళ్ల సందడిని వదిలేస్తే సగం పెళ్లి వదిలేసినట్టే. "పంతులుగారూ, ఏది ముందు, ఏది తర్వాత చేయిస్తారు? తెర ఎప్పుడు పట్టిస్తారు?" అని అడిగితే సంతోషంగా చెబుతారు. పెళ్లిరోజు కూడా ఆయన ఒక్క కనుసైగ చేస్తే చాలు, మీరు సిద్ధంగా ఉంటారు.

3. హాలు, వెలుతురు, గడియారం

రెండు కెమెరా బాడీలు, రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా ఉంటే ఒకేసారి రెండింటిలోనూ రికార్డు అయ్యేలా సెట్టింగు, ఒక వెడల్పు లెన్స్, మొహాలు దగ్గరగా తీయడానికి ఒక 85 ఎంఎం లెన్స్, రెండు ఫ్లాష్‌లు, చార్జ్ చేసిన బ్యాటరీలు. ఇంతకు మించి సామాను మోయనవసరం లేదు.

ముందురోజు హాలుకు వెళ్లి, స్టేజీ లైట్లు వేయించి నాలుగు ఫొటోలు తీసి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద షట్టర్ వేగం పెంచితే ఫొటోలో అడ్డగీతలు పడతాయి. 1/100 లేదా 1/50 సెకను దగ్గర పెడితే చాలావరకు పోతాయి. ఎర్ర షామియానా కింద ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టకండి. ఆ ఎరుపంతా మొహాల మీదకు దిగుతుంది, పసుపు రాసిన పెళ్లికూతురి బుగ్గలు వింత రంగుకు మారతాయి. రా ఫార్మాట్‌లో (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే ఫైల్) తీస్తే తర్వాత కొంత సరిచేసుకోవచ్చు, కానీ అంతా కాదు.

ఇంకో చిన్న పని. అన్ని కెమెరాల్లో టైమ్ ఒకటే ఉండేలా పెట్టండి. లేకపోతే ఎడిటింగ్‌లో తలంబ్రాల తర్వాత గౌరీపూజ వస్తుంది.

4. ముహూర్తానికి పది నిమిషాల ముందు

రాత్రి రెండు గంటల ముహూర్తమైనా మీ ఒంట్లో నిద్ర ఉండకూడదు. తెర పట్టేసరికి బ్యాటరీ, కార్డు కొత్తవి పెట్టేసి మీ చోట నిలబడి ఉండాలి. తెరకు ఒకవైపు మీరు, రెండోవైపు అసిస్టెంటు. ఒక్కరే ఉంటే తెర అంచు దగ్గర, ఇద్దరి తలలూ పక్కనుంచి కనిపించే చోటు చూసుకోండి. ఎదురుగా నిలబడితే చేతులు మొహాలకు అడ్డం వస్తాయి. ఆటోఫోకస్‌ను నమ్ముకోకండి, అది తెర మీదకో, ఎగిరే అక్షింతల మీదకో పోతుంది. కంటి మీద ఫోకస్ పెట్టి లాక్ చేయండి.

జీలకర్ర–బెల్లం ముద్ద ఉన్న తమలపాకులు వాళ్ల చేతుల్లోకి వచ్చాయంటే ఇక క్షణాలే. పంతులుగారు చెయ్యెత్తగానే మేళగాళ్లు గట్టిమేళం అందుకుంటారు. అదే మీకు గుర్తు. అప్పటికే షట్టర్ నొక్కుతూ ఉండాలి. సరిగ్గా ఆ సమయానికే బంధువులంతా ఫోన్లు పట్టుకుని లేస్తారు. వాళ్ల మీద అరవకండి. ముందే వెళ్లి "బాబాయిగారూ, ముహూర్తం టైముకి ఒక్క రెండు నిమిషాలు ఇటు పక్కకు ఉండండి, మీక్కూడా ఫొటో ఇస్తాను" అని చెబితే తొంభై శాతం మంది వింటారు. ఆ మాట ఇచ్చాక ఫొటో పంపించడం మాత్రం మరచిపోవద్దు.

తెర తీయగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపును మళ్లీ చేయించలేం.

తాళికి ముందు మంగళసూత్రాలను కొబ్బరిబోండం మీద పెట్టి పెద్దల దగ్గరకు తీసుకెళ్తారు. వెంట వెళ్లండి, కళ్లకు అద్దుకునే ఆ ముసలి చేతుల్లో మంచి ఫొటోలున్నాయి. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి జడ ఎత్తి పట్టుకునే ఆడపడుచు పక్క నుంచి మూడుముళ్లు, ఎదుటి నుంచి పెళ్లికూతురి మొహం, రెండూ కావాలి. తలంబ్రాల దగ్గర ఏ టెన్షన్ లేదు, హాయిగా తీసుకోండి.

5. ఆడవాళ్ల గదికి మహిళా ఫొటోగ్రాఫర్

పెళ్లికూతురిని చేసేటప్పుడూ, ఓణీల వేడుకప్పుడూ మహిళా అసిస్టెంటు ఉంటే అందరికీ ఊపిరి ఆడుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. నిజాం కొలువులో పేరుపొందిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, దాని బాధ్యత ఒక మహిళకు అప్పగించారు. మీ ఊళ్లో ఆసక్తి ఉన్న అమ్మాయికి పని నేర్పించండి.

6. గ్రూపు ఫొటోలు

రెండు పక్షాల నుంచీ అందరినీ గుర్తుపట్టగల మనిషిని ఒక్కొక్కరిని అడిగి తీసుకోండి. మేనత్తలు, మేనమామలు, పెదనాన్నల పేర్లతో జాబితా రాయించండి. మీకు ఎవరు ఎవరో తెలియదు, వాళ్లకు తెలుసు. మేనమామ ఫొటో లేకపోతే ఆ ఇంట్లో వచ్చే పెళ్లికి మిమ్మల్ని పిలవరు.

7. ఇంటికొచ్చాక నిద్రకు ముందు

ఎంత అలసిపోయినా కార్డులు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూసి, అప్పుడే పడుకోండి. ఒక డిస్కు స్టూడియోలో, రెండోది ఇంట్లో. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి.

ఆల్బమ్‌కు ఎంపిక చేయడం వాళ్లకే వదిలేస్తే నెలలు గడిచిపోతాయి. మీరే ముందుగా వడకట్టి, నంబర్లు వేసి, గడువు చెప్పి పంపండి. 12×36 అంగుళాల షీటు మీద పదిహేను ఫొటోలు ఇరికించే డిజైన్లు ఒప్పుకోకండి. జీలకర్ర–బెల్లానికి షీటు మొత్తం ఇవ్వండి.

8. అమ్మమ్మ ఫొటో

ఇది ఎవరూ అడగరు, మీరే తీయాలి. ఊళ్లో పెద్దవాళ్లకు చాలామందికి పాస్‌పోర్ట్ సైజు ఫొటో తప్ప మంచి ఫొటో ఉండదు. వాళ్లు పోయాక ఇంట్లోవాళ్లు ఆధార్ కార్డు పట్టుకుని స్టూడియోకు వస్తారు, ఆ చిన్న మసక బొమ్మను పెద్దది చేయమంటారు. ఎన్నిసార్లు చేశానో. చేసిన ప్రతిసారీ, ఆ మనిషి పట్టుచీర కట్టుకుని ఏదో ఒక పెళ్లిలో నా ముందు నుంచే నడిచి వెళ్లి ఉంటుంది కదా అనిపిస్తుంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే అమ్మమ్మను, తాతయ్యను గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. వెలుతురు ఒక పక్క నుంచి పడాలి, వెనక ఖాళీ గోడ ఉండాలి, ఫ్లాష్ వద్దు. మనవరాలి గురించి ఏదైనా అడగండి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగినప్పుడు తీయండి. 8×12 అంగుళాల ప్రింటు వేయించి ఫ్రేమ్ కట్టించండి, దానికి డబ్బు తీసుకోకండి. ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ముందు అది ఆవిడ చేతిలో పెట్టండి.