కంభం చెరువుకి వెళ్తున్నారా?

నంద్యాల వైపు నుంచి పగటి రైలెక్కండి. గాజులపల్లె దాటాక కిటికీ వదలకండి, దిగువమెట్ట దాకా నల్లమలే. కంభంలో దిగి ఆటో మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే బేరం ఆడండి. నేను ఆడక, ఎండలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాను.

రెండు కొండల సందులో గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్ట వేశారు, అంతే. విజయనగర కాలపు పని. ఆ రాజకుటుంబపు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో వారసత్వ సాగునీటి కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపూ వచ్చింది. కట్ట మీద నిలబడితే ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క పచ్చటి పొలాలు. వానలు పడ్డాకే వెళ్లండి, ఎండాకాలం నీళ్లుంటాయన్న నమ్మకం లేదు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు.

సాయంత్రం మిగిలితే మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి. పలకల ఊరు కూడా అదే.