తొలకరి పడేలోపు మీ కుక్క మోషన్ మీద ఓ కన్నేయండి

రోహిణి ఎండలు తగ్గుతున్నాయంటే కుక్కలున్న ఇళ్లలో లూజ్ మోషన్ల కాలం వస్తున్నట్టే. వానలు మొదలయ్యాక టెన్షన్ పడేకంటే, ఇప్పుడే ఒక వారం అది ఎన్నిసార్లు వెళ్తోంది, ఎలా వెళ్తోంది అని చూసి పెట్టుకోండి.

పెద్ద కుక్కలు సాధారణంగా రోజుకి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు వెళ్తాయి. కూనలు తిన్నప్పుడల్లా వెళ్తాయి, ఐదుసార్లయినా కంగారు అక్కర్లేదు. మలం చాక్లెట్ రంగులో, కాస్త తేమగా, కాగితంతో తీస్తే నేలకి అంటకుండా వస్తే పొట్ట బాగున్నట్టే. అయినా ఒక్కో కుక్కకి ఒక్కో అలవాటు. మావాడు పొద్దున ఒక్కసారే వెళ్తాడు. నిరుడు వానల్లో ఒకరోజు మూడుసార్లు వెళ్తే చల్లటి గాలికిలే అని వదిలేశాను. మర్నాటికి జిగురు, నెత్తురు చారలు. డాక్టరు గారు మొదట అడిగింది “ఎప్పటి నుంచి?” అని. నేను నీళ్లు నమిలాను. వాడు గేటు ముందు గుంటలో నీళ్లు తాగడం మాత్రం చూస్తూనే ఉన్నాను!

వాన నీటి గుంటలతోనే అసలు తంటా. వీధి జంతువుల మలం కలిసిన ఆ నీళ్లలో రకరకాల క్రిములుంటాయి. బయటికి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే కడుపునిండా నీళ్లు తాగించండి, గొలుసు పొట్టిగా పట్టుకోండి. కడుపులో పురుగులు పోయే మందు వేసి మూడు నెలలు దాటితే డాక్టర్ని అడిగి వేయించండి. మలంలోగానీ తోక కిందగానీ బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. కూనలకి పార్వో (వాంతులు, నెత్తురు విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) టీకా ఒక్క డోసుతో సరిపోదు, పదహారు వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తూ ఉండాలి.

మృగశిర కార్తెకి చేపలు వండుకుంటాం కదా, ఆ ముళ్లు కుక్కకి వేయకండి. ఆషాఢంలో బోనాల మటన్ బొక్కలు కూడా అంతే. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకోవచ్చు. ఎముకలు ఎక్కువ తింటే మలం సుద్దలా తెల్లగా, గట్టిగా వస్తుంది, ముక్కి ముక్కి అవస్థ పడుతుంది. తిండి మార్చాలనుకుంటే వానలకి ముందే, వారం రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి.

పెద్ద కుక్కకి ఒకటి రెండుసార్లు పల్చగా అయి, హుషారుగానే ఉంటే పాలు ఆపి, మెత్తటి అన్నంలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి మాంసం కలిపి కొద్దికొద్దిగా పెట్టి చూడండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మనం వేసుకునే మాత్రల జోలికే పోవద్దు, పారాసెటమాల్ కూడా కుక్కకి ప్రమాదమే.

మలం తారులా నల్లగా వచ్చినా, నెత్తురు పడినా, వాంతులు కూడా తోడైనా, చిగుళ్లు ఎండినట్టు జిగటగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కూనకైతే విరేచనాలతో పాటు డీలా పడితే చాలు, రాత్రయినా ఆగకండి. వెళ్లేటప్పుడు మలం ఫోటో ఫోన్‌లో తీసుకోండి, కొంచెం డబ్బాలో పట్టుకెళ్తే ఇంకా మంచిది. నా ఫోన్‌లో ఇప్పుడు పెళ్లి ఫోటోల పక్కనే అవీ ఉన్నాయి. మా ఆవిడ తిడుతూనే ఉంటుంది.